క్రొత్త తాయెత్తు

మన తెలుగువారు మాయ యను మాటను రెండర్థములలో వాడుదురు. వేదాంతులు చెప్పు మాయ యొకటి. మంత్రసానులు చెప్పు మాయ యొకటి. మొదటిది లేనిదానిని ఉన్నట్లు చూపునది. రెండవది గర్భములో శిశువునకు అన్నము, నీరు, ఊపిరి అందించునది. సంస్కృతమున దీనికి జరాయువని పేరు. తల్లి కడుపున జరాయువుతో పెరిగి పుట్టు ప్రాణులను జరాయుజములందురు. ఇంగ్లీషువారు వాడు ప్లాసెంటా యను పదమునకు లాటిను భాషలో అప్పమని అర్థము. బిళ్ళవలె నుండుటచే ఆ పేరు వచ్చినది. ఈ రెండవ మాయ అబద్ధము కాదు. తల్లి రక్తమును బిడ్డ రక్తమును కలిసిపోకుండ నడుమ పలుచని పొరగా నిలిచి, ఈ ప్రక్కనుండి కావలసినవి పంపి, ఆ ప్రక్కనుండి అక్కరలేనివి త్రిప్పి తెచ్చుచు, తొమ్మిది నెలలు చాకిరి చేయును. బిడ్డ నేలమీద పడిన కొద్దిసేపటికి తన పని ముగించుకొని తానును వెలికి వచ్చును. ఇంతటి సేవ చేసిన వస్తువును మన పెద్దలు పెరటిలో గొయ్యి తీసి పాతిపెట్టి మరచిపోయెడివారు.

ఇప్పుడు దానిని మరువనీయని కాలము వచ్చినది. ఆ మాయలోను, బొడ్డుతాడులోను మూలకణములున్నవనియు, వానిని పుట్టిననాడే దాచియుంచినచో ముందు ముందు బిడ్డకే గాక కుటుంబమున కెల్ల ఆరోగ్యమునకు పూచీ యనియు చెప్పుచు మనుష్యులు ఇంటింటికిని వచ్చుచున్నారు. హైదరాబాదులో మాత్రమే కాదు; నిజామాబాదు పట్టణమునకు చేరువనున్న మా మాక్లూరునకు గూడ వచ్చిరి. వారు చెప్పు మాయ పై రెంటిలో ఏదియో తేల్చుకొనవలసిన భారము గృహస్థులపై పడినది. నేను వైద్యుడను గాను. బడిలో పిల్లలకు భాష చెప్పువాడను. కాని ఆ కాగితములన్నియు ఇంగ్లీషులో నుండుటచేత ఊరివారు వానిని నా యొద్దకు తెచ్చుచున్నారు. చదివినదియు, వైద్యుల నడిగి తెలిసికొన్నదియు ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా ఇందలి సత్యమును చెప్పవలెను. మన దేహములోని కణములు చాలవరకు తమ తమ వృత్తులలో స్థిరపడినవి. కంటి కణము కంటి పనియే చేయును. కండ కణము కండ పనియే చేయును. మూలకణములు అట్లు గాక, తాము పెరుగుచు అవసరమునుబట్టి వేర్వేరు కణములుగా మారగలవి. రక్తమును పుట్టించు మూలకణములు ఎముకల మూలుగులో నుండును. ఎఱ్ఱకణములు, తెల్లకణములు, గాయమైనచోట రక్తమును గడ్డకట్టించు కణికలు, అన్నియు వానినుండియే పుట్టును. అట్టి కణములే కాన్పు తరువాత బొడ్డుతాడునందును మాయయందును నిలిచిన రక్తములో గూడ సమృద్ధిగా నుండును.

1988వ సంవత్సరము అక్టోబరు నెలలో పారిస్ నగరమునందలి సెయింట్ లూయీ ఆసుపత్రిలో ఎలియాన్ గ్లుక్‌మన్ అను వైద్యురాలు ఈ రక్తమును మొదటిసారి ఒక బాలునకు ఎక్కించెను. అతడు అమెరికా దేశమువాడు, వయస్సు ఐదేండ్లు. ఫాంకోని రక్తహీనత యను వంశపారంపర్య వ్యాధిచే అతని మూలుగు ఎండిపోవుచుండెను. అతనికి చెల్లెలు పుట్టినప్పుడు ఆ శిశువు బొడ్డురక్తమును పట్టి, గడ్డకట్టించి, సముద్రము దాటించి తెచ్చి ఎక్కించిరి. బాలుడు బ్రదికెను. తరువాతి యేండ్లలో న్యూయార్కు రక్తకేంద్రమువారు అందరి కుపయోగపడు బొడ్డురక్తపు బ్యాంకును నెలకొల్పిరి. నేటివరకు లోకమున నలువది వేలకు పైగా రోగుల కీ చికిత్స జరిగినది. కనుక ఇది కట్టుకథ కాదు. అయితే చదువరులు ఒక్క విషయమును మనసున నుంచుకొనవలెను. ఆ బాలునకు ప్రాణము పోసినది తన బొడ్డురక్తము కాదు; చెల్లెలిది. తక్కిన వేలమందిలో మిక్కిలి పెక్కురకు గూడ ఇతరుల రక్తమే ఉపకరించినది. ఈ వ్యాసమున చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటలోనే యున్నది.

మా తల్లిగారి కీ సంగతి చెప్పగా ఆమె నవ్వి, "గిది కొత్త సంగతా బిడ్డా? మనోళ్లు బొడ్డుపేగు తాయెత్తుల వెట్టి పోరగాండ్ల మొలకు కట్టలేదా?" అనెను. పల్లెలలో ఈ ఆచారము నేటికిని కలదు. ఎండి రాలిన బొడ్డును వెండి తాయెత్తులో పెట్టి మొలత్రాటికి కట్టుదురు. ఇటీవల చేతి ఫోనులలో దీనినిగూర్చి ఒక ప్రచారము తిరుగుచున్నది. మన పూర్వులకు మూలకణముల శాస్త్రము తెలియుననియు, బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ బొడ్డును అరగదీసి పోసెడివారనియు, తెల్లవారు ఇప్పుడు కనుగొన్నది మన తాయెత్తులోనిదే యనియు దాని సారాంశము. దానిని నాకు పంపిన చదువుకొన్న మిత్రులే పదిమంది యుందురు. జీవకణములు ఎండిన తోలులో బ్రదుకవు. వానిని వేరుచేసి, సున్నకు దిగువ 196 డిగ్రీల చల్లదనముగల ద్రవ నత్రజనిలో నుంచిననే నిలిచియుండును. సుశ్రుతుడు శారీరస్థానమున నాభినాళమును ఎనిమిది అంగుళముల మేర విడిచి దారముతో కట్టి కోయవలెనని చెప్పెను; ఆ చోట దానిని దాచి మందుగా వాడుమని చెప్పలేదు. తాయెత్తు తల్లి ప్రేమకు గుర్తు. ప్రేమను శాస్త్రమని చెప్పినచో రెండును చెడును. పాత తాయెత్తు ఖరీదు కొలదిపాటి వెండి. దానివలన సంసారము గుల్ల కాలేదు. క్రొత్త తాయెత్తు సంగతి అట్లు కాదు.

మా ఇంటి సంగతి చెప్పుటకుముందు మా బడిలోని ఒక బాలుని సంగతి చెప్పవలెను. అతడు ఆరవ తరగతి చదువుచున్నాడు. పద్యము ఒకమారు విన్నచో అప్పజెప్పగలడు. అయితే మూడు వారములు గడుచుసరికి మొగము పాలిపోయి, మధ్యాహ్నము పుస్తకముమీద తల వాల్చును. రక్తమెక్కించుకొని వచ్చిన మరునాడు మరల మొదటి వరుసలో కూర్చుండును. అతనికి తలసీమియా. తల్లిదండ్రులిద్దరును మేనరికపు దంపతులు. ఇద్దరియందును ఆ దోషము సగము సగముగా దాగియుండెను. వారికి ఏ బాధయు లేదు. రెండు సగములును ఆ పిల్లవానియందు కలిసి రోగమైనవి. మన దేశమున నూటికి ముగ్గురు నలుగురు ఈ దోషమును తెలియకయే మోయుచున్నారని లెక్క. హైదరాబాదులో 1998లో స్థాపితమైన తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ వంటి సంస్థలు ఇట్టి పిల్లలకు రక్తమెక్కించి ఆదుకొనుచున్నవి.

ఆ బాలుని చూచిన తరువాత మా బంధువులలో ఎవరు గర్భవతులైనను నే నడుగు మొదటి ప్రశ్న ఒక్కటే: హెచ్‌పీఎల్‌సీ యను రక్తపరీక్ష చేయించితిరా? మా అక్క కూతురు తన మేనబావనే పెండ్లియాడినది. అతడు దుబాయిలో పనిచేయుచున్నాడు. మా నిజామాబాదు సీమలో గల్ఫు దేశములకు మగవారిని పంపని వాడ లేదు. ఆమెకు మూడవ నెల రాకముందే పరీక్ష చేయించితిమి. వేయి రూపాయలకు అటునిటు అయినది. ఆమె ఆ దోషమును మోయుచున్నదని తేలెను. ఇక భర్తకు గూడ ఉన్నచో బిడ్డకు నాలుగింట నొకపాలు రోగభయము. ఆతడు అక్కడ పరీక్ష చేయించుకొని, ఫలితము వచ్చువరకు పదిదినములు మా అక్క ఇంట పొయ్యి సరిగా వెలుగలేదు. పదునొకండవ నాడు, తనకు లేదని అతడు ఫోను చేసెను. బిడ్డకు తల్లివలె దోషము దాగియుండవచ్చును గాని రోగము రాదు. మా అక్క మల్లన్న గుడికి పోయి టెంకాయ కొట్టివచ్చెను.

ఒకమారు బెదరిన మనస్సు మరల బెదరుటకు సిద్ధముగా నుండును. ఏడవ నెలలో ఆమె తల్లిగారింటికి వచ్చిన వారము దినములకే ఒక యువకుడు సంచితో వచ్చెను. ఆమె చూపించుకొను ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె పేరు, ఊరు అతనికి దొరికినవి. పాపము, చదువుకొన్నవాడు, డిగ్రీ చేతబట్టుకొని తగిన ఉద్యోగము దొరకక ఈ పనిలో కుదిరినాడు. మాట మెత్తన. డెబ్బదియైదేండ్లు దాచుటకు అరువదివేల రూపాయలనియు, వాయిదాలమీద గూడ కట్టవచ్చుననియు, ఎనుబది రోగములకు ఇది మందనియు చెప్పి, చివరకు మా మేనకోడలివైపు తిరిగి, "మీకు తలసీమియా లక్షణముంది కదక్కా, అందరికన్నా మీకే ఇది ఎక్కువ అవసరం. పిల్ల పానంకన్నా పైసలెక్కువ కాదు గద!" అనెను.

ఆ రాత్రి ఆమె ఆ కాగితములను నా చేతి కిచ్చి, "మామా, రేపు పిల్లకేమన్నయితే, ఆనాడు దాపెట్టకపోతివని అందరు నన్నే అనరా?" అని అడిగెను. ఆ ప్రశ్న విని నాకు కోపము రాలేదు, దుఃఖము కలిగినది. బిడ్డ నల్లగా పుట్టినను, ఆడుపిల్ల పుట్టినను, అనారోగ్యముగా పుట్టినను తల్లిదే తప్పని వందలయేండ్లుగా చెప్పిన సంఘము మనది. ఆ పాత నేరమును క్రొత్త కాగితముమీద అచ్చువేసి, దానికి వెలకట్టి అమ్ముచున్నారు. పరీక్ష చేయించుకొని, భర్తచేత చేయించి, తల్లి చేయవలసిన పని నెన్నడో చేసియున్న ఆ పిల్ల, చేయనక్కరలేని పనికై కన్నీరు పెట్టుకొనుచుండెను.

ఆ కాగితములను నేను రెండు రాత్రులు చదివితిని. అందలి మాటలకును, భారత వైద్య పరిశోధన మండలివారు 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకములకును చాల దూరము కలదు. తన బిడ్డ కొరకే తాను దాచుకొనుటకు శాస్త్రాధారము లేదని మండలి స్పష్టముగా చెప్పినది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ యను శిశువైద్యుల సంఘమును 2018లో ఇట్టి అభిప్రాయమునే ప్రకటించెను. ఎందుచేత ననగా, వంశపారంపర్యముగా వచ్చు రక్తదోషము బిడ్డ ప్రతి కణమునందును ఉండును. తలసీమియాతో పుట్టిన శిశువు బొడ్డురక్తములోని మూలకణములలోను తలసీమియాయే యుండును. వానిని దాచి మరల ఆ బిడ్డకే యెక్కించుట చేదు సొరకాయ విత్తనమును దాచి, మరుసటి యేట తీపి కాయకై దానినే నాటుట వంటిది. కాబట్టి ఆ యువకుడు ఏ కారణము చూపి అందరికన్న మీకే అవసరమనెనో, ఆ కారణముచేతనే అది ఆమెకు నిష్ఫలము. పిల్లలకు వచ్చు ల్యుకేమియా విషయమున గూడ వైద్యులు రోగి సొంత బొడ్డురక్తమును కోరరు. ఆ రోగమునకు బీజమైన మార్పు కొందరిలో పుట్టుకకు ముందే రక్తమున చేరియున్నదని పరిశోధకులు కనుగొనిరి.

ఆ యువకుడు చెప్పిన ఎనుబది రోగముల పట్టిక అబద్ధమని చెప్పజాలము. అయితే అందు పెక్కు రోగములు ఇతరుల మూలకణములతో నయమగునవి. ఇతరుల సొత్తు చేయు మేలును తన సొత్తునకు అంటగట్టి చెప్పుటయే ఇందలి కిటుకు. మూలుగు మార్పిడి వైద్యులు వేసిన లెక్కనుబట్టి, దాచుకొన్న బొడ్డురక్తము ఆ బిడ్డకే మొదటి ఇరువదియేండ్లలో పనికివచ్చు అవకాశము 2,500 మందిలో ఒకరు మొదలు 2,00,000 మందిలో ఒకరి వరకు మాత్రమే. పైగా ఒక కాన్పున దొరకు రక్తము కొలది. చిన్నపిల్లలకు చాలవచ్చును గాని నిండు మనిషికి తరచుగా చాలదు. కుటుంబమున తాతకు, తండ్రికి, మేనమామకు గూడ ఇదే మందనుట ఎంత సాహసమో చదువరులే యూహింపవచ్చును. ఇక మాయను, బొడ్డుతాడు కండను గూడ దాచెదమని ఆ కాగితములలో నున్నది. పై మార్గదర్శకములు బొడ్డురక్తము నొక్కదానిని తప్ప మాయను, బొడ్డు కండను, పాలపండ్లను నిల్వచేయు బ్యాంకులకు అనుమతి లేదనుచున్నవి. మన దేశమునందే కొన్ని సంస్థలు 2017 నుండి సభ్యులందరి నిల్వలను ఒకటిగా కలిపి, ఎవరికి అవసరమైన వారికి పంచు పద్ధతిని పెట్టినవి. ఎవరిది వారికి పనికివచ్చునదే అయినచో ఇట్లు కలుపవలసిన పని యేమి?

డెబ్బదియైదేండ్ల మాట గూడ ఆలోచింపదగినది. ఆ ఒప్పందము వ్రాసిన సంస్థకే ఇంకను ఇరువదేండ్లు నిండలేదు. మా సీమవారికి ఈ విషయమున వేరొకరు పాఠము చెప్పనక్కరలేదు. నిజాము రాజ్యమున 1937లో బోధనులో స్థాపించిన చక్కెర కర్మాగారము ఆసియాలోనే పెద్దదని పేరు పొందినది. దానిచుట్టు శక్కర్‌నగర్ అను ఊరే వెలసినది. అందులో ఉద్యోగమన్నచో మూడుతరములకు తిండి యనుకొనెడివారు. 2015 డిసెంబరులో అది మూతపడెను. రాజు స్థాపించి ప్రభుత్వములు నడిపిన కర్మాగారమే అట్లైనప్పుడు, నత్రజని తొట్లకు డెబ్బదియైదేండ్లు ఎవరు కావలియుందురు? ఇతర దేశములలో జరిగినదియు కలదు. ఐరోపాలో పెక్కు దేశములనుండి నమూనాలు తీసికొన్న క్రయో-సేవ్ అను సంస్థ 2019లో చతికిలబడగా ఆ నిల్వలు పోలండునకు చేరెను. సింగపూరులో కార్డ్‌లైఫ్ సంస్థ తొట్లలో చల్లదనము తప్పినదనియు, సుమారు 2,200 నమూనాలు చెడిపోయినవనియు అక్కడి ఆరోగ్యశాఖ 2023 నవంబరులో ప్రకటించెను. చెడిన సంగతి తల్లిదండ్రులకు తెలియుటకు ముందు వారు ప్రతి యేడును రుసుము కట్టుచునే యుండిరి.

అట్లయిన బొడ్డురక్తమును దాచుట ఎవరికిని వలదా? వలయును. ఇక్కడనే నిదానముగా విడదీసి చూడవలెను. ఇంట మూలకణములతో నయమగు వ్యాధిగల బిడ్డ ఇదివరకే యుండి, తల్లి మరల గర్భవతియైనచో, పుట్టబోవు శిశువు బొడ్డురక్తమును దాచుట తగునని ఆ మార్గదర్శకములే చెప్పుచున్నవి. పారిస్ బాలుని కథ అట్టిదే. మా బడిలోని బాలుని తల్లి రెండవమారు గర్భవతియైనప్పుడు వారు హైదరాబాదు వైద్యులను సంప్రదించిరి. పదునొకండవ వారమున మాయనుండియే ఒక చిన్న తునకను తీసి పరీక్షించి, శిశువునకు రోగము లేదని చెప్పిరి. మాయ వలన ఆ ఇంటికి కలిగిన మొదటి మేలు అది. ఇక పుట్టిన బిడ్డ కణములు అన్నకు సరిపోలవలెను. రోగము లేకుండుటకు నాలుగింట మూడుపాళ్లు. సరిపోలుటకు నాలుగింట నొకపాలు. రెండును కలిసివచ్చుటకు పదునారింట మూడుపాళ్లు మాత్రమే. వారు పదునారింట మూడుపాళ్ల ఆశతో బొడ్డురక్తము పట్టించిరి. ఆడుపిల్ల కలిగినది, ఆరోగ్యముగా నున్నది, కణములు అన్నకు సరిపోలలేదు. ఆ తండ్రి నాతో, "ఏం జేస్తం సార్, పిల్ల మంచిగున్నది. గదే సాలు" అనెను. బాలుడు ఎప్పటివలెనే మూడువారములకొకమారు బస్సెక్కుచున్నాడు.

ఇంకొక మాట ఆ కాగితములలో ఎక్కడను కనబడలేదు. ఆ రక్తమునకు మొదటి యజమాని ఎవరు? శిశువే గదా. బిడ్డ పుట్టిన తక్షణమే బొడ్డుతాడును కట్టక, ఒకటి మొదలు మూడు నిమిషములు ఆగవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. ఆ మూడు నిమిషములలో మాయలోని రక్తము ఎనుబది, నూరు మిల్లీలీటర్ల వరకు బిడ్డలోనికి చేరును. మూడు కిలోల శిశువు దేహమున నుండు రక్తమంతయు పావు లీటరునకు అటునిటు మాత్రమే. కాబట్టి ఇది కొంచెము కాదు. దానిలోని ఇనుము మరికొన్ని నెలలవరకు బిడ్డను రక్తహీనతనుండి కాపాడును. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణమున ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి డెబ్బదిమందికి రక్తహీనత యున్నదని తేలెను. నూటికి డెబ్బదిమందికి నిశ్చయముగా నున్న లోపమును విడిచి, రెండు లక్షలలో ఒకరికి వచ్చునో రాదో యను ఆపదకై ఆ రక్తమునే సీసాలో పట్టుట ఎంత విపరీతము! ఆలస్యముగా కట్టినచో సీసాలోనికి వచ్చు రక్తము తగ్గును. సీసా నిండుటకై బిడ్డ కందవలసినది తగ్గింపరాదని వైద్యసంఘములు హెచ్చరించుచున్నవి. గర్భవతులు ఈ ఒక్క మాటను కాన్పుకు ముందే వైద్యురాలితో చెప్పియుంచుట మంచిది. దీనికి పైకము పనిలేదు.

ఇవన్నియు నేను మా మేనకోడలికి విప్పి చెప్పితిని. ఆమె గ్రహించినది. దుబాయిలోనున్న అల్లుని ఒప్పించుట మాత్రము సులభము కాలేదు. అతడు ఫోనులో చాలసేపు విని, చివరకు, "మామా, నీ లెక్క నాకు సమజైంది. కానీ కాన్పు నాడు నేనుండ, బారసాలకుండ. ఇక్కడికెల్లి నేను చెయ్యగలిగింది పైసలు పంపుడొక్కటే. గదన్న చెయ్యనియ్యి" అనెను. ఆ మాటకు నా యొద్ద శాస్త్రమున సమాధానము లేదు. దూరమున నున్న తండ్రి బిడ్డ పుట్టుకలో తనకును ఒక పాలు కోరుచుండెను. ఆ కోరికను అమ్మువాడు మనకన్న ముందు కనిపెట్టినాడు. నేను కొంచెముసేపు ఊరకుండి, "అరువదివేలు పెట్టి బిడ్డ రక్తమును దాచుటకన్న, ఆ పైకముతో టికెట్టు కొని బిడ్డను చూచిపో" అంటిని. అతడు ఏమియు అనలేదు. రెండు వారములకు సెలవు దొరికినదని మా అక్కకు ఫోను వచ్చెను.

కాన్పు నిజామాబాదు ప్రభుత్వాసుపత్రిలో జరిగెను. ఆడుపిల్ల. తాడు ఆగి కట్టినారా యని నేనడుగగా, "ఆగిన్రు మామా, నేను చెప్పకముందే ఆగిన్రు" అని మా మేనకోడలు చెప్పెను. ఇరువదియొకటవ నాడు తండ్రి బిడ్డను ఒడిలో పెట్టుకొని పేరు పిలిచెను. మా తల్లిగారు వెండి తాయెత్తు కట్టిరి, నే నడ్డుచెప్పలేదు. అది మందు కాదని ఆ ఇంట ఇప్పు డందరికిని తెలియును.

ఇక తక్కినది సంఘము సంగతి. బొడ్డురక్తమైనను, మూలుగులోని కణములైనను, ఎవరికి వారు దాచుకొనునప్పుడు దాదాపు నిరుపయోగములు; ఒకచోట చేర్చి ఎవరికి సరిపోలిన వారికి ఇచ్చునప్పుడు ప్రాణదాతలు. ఇటీవల సగము మాత్రమే సరిపోలిన తల్లిదండ్రుల కణములతో గూడ చికిత్స చేయుచున్నారు. తలసీమియా పిల్లల మూలుగు మార్పిడికి కోల్ ఇండియా సంస్థ సహాయముతో 2017 నుండి ఒక పథకము నడిచినది. పేదలకు పది లక్షల రూపాయల వరకు సాయము దానిలో నున్నది. అయినను నిండుగా సరిపోలిన దాత దొరకుట మేలు. అట్టి దాతల పేరులు నమోదు చేయు దాత్రి యను సంస్థ 2009లో చెన్నపట్టణమున ఏర్పడినది. పదునెనిమిది మొదలు యాబదియేండ్లలోపువారు చెంప లోపలి తడిని దూదిపుల్లతో తీసి ఇచ్చినచో చాలును. ఎవరికైన సరిపోలిననాడు పిలుతురు. నేనును మా బడిలోని ముగ్గురు ఉపాధ్యాయులును ఇచ్చియున్నాము. ఒకే ప్రాంతపువారి కణములు ఒకరి కొకరికి పోలు అవకాశము హెచ్చు. కాబట్టి తెలుగు పిల్లలకు తెలుగువారు పేరులు వ్రాయించుకొనుట యుక్తము. మన పట్టికలో ఎందరుందురో, మన పిల్లలకు అంత ఆశ.

ఈ పత్రికను చదువు గృహిణులకును గృహస్థులకును నా మనవి యొక్కటే. సంచితో మనుష్యుడు వచ్చినప్పుడు అతనిని దూషింపకుడు, అతడును బ్రదుకవలసినవాడే. మంచినీళ్లిచ్చి మూడు ప్రశ్నలు వేయుడు. మా ఇంట ఈ కణములతో నయమగు జబ్బుగల బిడ్డ ఇదివరకే ఉన్నదా? మీరు దాచునది మా బిడ్డకు పనికివచ్చునని మా వైద్యుడు వ్రాసి ఇచ్చునా? ఈ రక్తమును సీసాకు ముందు మా బిడ్డకు పోవనిత్తురా? మూడింటికిని అవునను జవాబు వచ్చినచో సంకోచింపక దాచుడు. రానిచో ఆ పైకములో వేయి రూపాయలు తీసి తలసీమియా పరీక్షకు కట్టి, తక్కినది తల్లి తిండికి, బిడ్డ తిండికి పెట్టుడు. తీరిక చూచుకొని దాతల పట్టికలో మీ పేరులు వ్రాయించుడు. మా ఆరవ తరగతి బాలునకు సరిపోలినవాడు ఎక్కడి వాడో, ఏ ఊరివాడో ఇంకను తెలియలేదు. వెదకుచున్నారు.